బొట్టు పెట్టిన తాడు

వీరభద్రం మాస్టారిని ఏదైనా అడిగితే నోరు విప్పే ముందు చెప్పులు వేసుకుంటారు. మురుగునీటి శుద్ధి పనుల్లోనే తల నెరిసిన మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లకి జవాబుల కంటే నడకే ఎక్కువ దక్కింది.

ఆ రోజు అడిగింది సింధూర. రెండు వందల ఇళ్ల కాలనీకి మురుగు శుద్ధి చేసే చిన్న ప్లాంటు, ఆమె చేతిమీదుగా కట్టే మొట్టమొదటిది. ట్యాంకులోకి గాలి ఊదే గొట్టాలు రెండు రకాలు వచ్చాయి: అడుగున బిగించేసేవి, గొలుసుకి వేలాడేవి. పద్నాలుగు గళ్ల పట్టిక గీసి మార్కులు వేస్తే బిగించే రకమే గెలిచింది, కరెంటు తక్కువ తాగుతుంది మరి. మర్నాడే కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టాలి. "ఏది మంచిది మాస్టారూ?" అంది, పట్టిక చూసి మెచ్చుకుంటారని లోలోపల ఆశపడుతూనే.

మెచ్చుకోవడమా! ఆయన చెప్పులు వేసుకున్నారు.

పక్క కాలనీ ప్లాంటులో అప్పలకొండ టీ తాగుతున్నాడు. అక్కడ మిషన్లు చూసేదీ, తోటకి నీళ్లు పెట్టేదీ అతనే. మాస్టారు అడగ్గానే గ్లాసు గట్టుమీద పెట్టి, గొలుసు లాగి గాలి గొట్టాన్ని పైకి తెచ్చాడు. పైపుతో నీళ్లు కొట్టి, బ్రష్షుతో జిగురు రుద్ది, మళ్లీ దింపేశాడు. టీ ఇంకా వెచ్చగానే ఉంది. ఓస్, ఇంతేనా అనుకుంది సింధూర.

అప్పుడు కనబడింది ఆమెకి, షెడ్డు గోడ మేకుకి వేలాడుతున్న పాత తాడు. దసరా వెళ్లి రెండు నెలలైనా దానిమీద పసుపు, మూడు కుంకుమబొట్లు అలాగే ఉన్నాయి. మోటారుకి మాత్రం ఒక్కటే బొట్టు.

"తాడుకి పూజేంటి బాబాయ్?"

"ముందు బిగించిన గొట్టాలే ఉండేవమ్మా. అవి పూడుకుపోతే ట్యాంకు తోడి మనిషి దిగాల. మా బావమరిది దిగినాడు. ఊపిరాడక పడిపోనాడు. ఆ తాడుతోనే పైకి లాగినాను. బతికినాడు, మహారాజులాగున్నాడు. ఇందాక ఈ టీ తెచ్చిందీ ఆడే," అని హాయిగా నవ్వాడు అప్పలకొండ.

సింధూరకి నవ్వు రాలేదు. తన ప్లాంటులో దిగబోయే మనిషెవరో, పేరేమిటో కూడా ఆమెకి తెలియదు. చేతిలో మడిచి పట్టుకున్న పట్టిక చెమటకి తడిసింది.

తిరిగి వస్తూ మాస్టారు ఆ కాగితం అడిగి తీసుకున్నారు. కళ్లజోడు సర్దుకుని పద్నాలుగు గళ్లూ ఓపిగ్గా చదివారు.

"బాగా గీశావమ్మా," అన్నారు తృప్తిగా. "ఆ తాడు ఏ గడిలో ఉంది?"