డౌవె గుచ్చిన పార

అనగనగా ఒక ఊరు, ఆ ఊరు సముద్రం కన్నా పల్లంలో ఉందిట. నవ్వకండర్రా, నిజం. మీ తాతయ్య ఓడలో వంట చేసే రోజుల్లో డచ్చివాళ్ళ దేశంలో విని వచ్చాడు. ఆ ఊరి పేరు నాకు నోరు తిరగదు, దిబ్బవరం అనుకోండి. ఎందుకూ? పూర్వం వాళ్ళు బురదా పేడా పోసి పోసి దిబ్బలు చేసుకుని, ఆవుల్నీ పిల్లల్నీ వాటిమీద పెట్టుకుని బతికారుట. తర్వాత్తర్వాత ఊరి చుట్టూ కరకట్ట పోశారు. లోపల పొలాలు, పొలాల్లో కాలవలు, కాలవల్లో నీళ్ళు తోడి అవతల పొయ్యడానికి గాలిమర. గాలి ఆగితే మర తిరగదు, మర తిరక్కపోతే నీళ్ళు పోవు, నీళ్ళు పోకపోతే గడ్డి లేదు, గడ్డి లేకపోతే పాలు లేవు, పాలు లేకపోతే జున్ను లేదు, జున్ను లేకపోతే ఇంట్లో మొగుడి చిందులు. ఊ కొడుతున్నారా?

సరే. ఆ కట్టని ఇంటికి ఇన్ని బారలని పంచుకున్నారు. ఎవరి వంతు వాళ్ళే బాగుచేసుకోవాలి. చెయ్యలేనివాడు తన పార కట్టలో గుచ్చి, ఊరొదిలి పోవాలి. మన పార కాదర్రా, నిలువుగా దిగే పార. నోటితో ఒక్క ముక్క చెప్పక్కర్లేదు, పార గుచ్చాడంటే నావల్ల కాదన్నట్టే. దాన్ని ఎవడు పీకితే ఇల్లూ పొలం వాడివి, ఆ వంతు కట్ట చాకిరీ కూడా వాడిదే. అదీ కట్టుబాటు.

ఆ ఊళ్ళో హిల్కె అని ఒక కోడలు. పిల్ల చురుకే గానీ, మొగుడు డౌవె ఉత్త మతిమరుపు మాలోకం. ఒకనాడు కట్టమీద పని చేస్తూ చేస్తూ ఆకలేసి, పార అక్కడే కసుక్కున గుచ్చి, ఇంటికొచ్చి రొట్టె తింటున్నాడు. పారేదీ అని అడిగింది హిల్కె. కట్టలో ఉందన్నాడు, నములుతూ. ఆ పొలం పోతే వాళ్ళకి నిలవ నీడ లేదు. పిండి చేతులతోనే పరుగెత్తింది.

అప్పటికే పక్క పొలం సీబ్రెన్ అక్కడున్నాడు. వాడికి ఆ పొలం మీద ఎన్నాళ్ళనుంచో కన్ను. కరకట్ట పెద్దని కూడా సాక్ష్యానికి వెంటబెట్టుకొచ్చాడు. మా ఆయన తిండికొచ్చాడు గానీ ఊరొదిలి పోలేదని హిల్కె మొత్తుకుంది. గుచ్చాక గుచ్చినట్టే, ఆ ఇంటివాళ్ళు ఇక దాన్ని ముట్టుకోకూడదన్నాడు పెద్ద. అప్పుడు చూసింది హిల్కె, పార మొదట్లో మట్టి చెమ్మగా ఉంది. ఆరేళ్ళుగా ఆ కట్టమీద మట్టి మోస్తోంది తనే కదా, తెలీదూ? అక్కడ ఎలక బొరియ ఉంది. డౌవె చూసుకోకుండా పార సరిగ్గా దానికి అడ్డంగా దింపాడు. అవతల సముద్రం పోటుమీదుంది.

"బాబాయ్, పార పీకకు. నీ మంచికే చెబుతున్నా," అంది.

ఏడుపు కబుర్లనుకున్నాడు సీబ్రెన్. రెండు చేతులా పట్టి ఒక్క లాగు లాగాడు. బుస్సుమని నీళ్ళు వాడి మొహాన కొట్టాయి. టోపీ ఎగిరిపోయింది, నోట్లో ఉప్పు, ముక్కులో బురద. హడలిపోయి పార మళ్ళీ అదే బొరియలో కసుక్కున గుచ్చి, దానిమీద వాలిపోయాడు.

హిల్కె చేతులకున్న పిండి దులుపుకుని నెమ్మదిగా అడిగింది. "పెద్దయ్యా, ఇప్పుడు పార గుచ్చింది ఎవరు?"

పెద్ద గడ్డం గోక్కున్నాడు. గుచ్చింది సీబ్రెనే. అంటే కొత్తగా వచ్చిన పొలంతో పాటు వాడి సొంత పొలమూ పోయినట్టే. కట్టుబాటంటే కట్టుబాటు మరి. సీబ్రెన్ ఘొల్లుమన్నాడు.

ఊరంతా వచ్చి జిగటమట్టి కుక్కి బొరియ పూడ్చారు. అప్పుడు, అది సీబ్రెన్ గుచ్చిన పారే కదా, హిల్కె పీకింది. పీకి, తన పొలం తను ఉంచుకుని, సీబ్రెన్ పొలం సీబ్రెన్‌కే ఇచ్చేసింది. ఒకే కట్ట చాటున బతికేవాళ్ళం, నీ కొంప మునిగితే మా కొంప తేలుతుందా అంది. కాకపోతే ఏడాదిపాటు ఆ బొరియ దగ్గర మట్టి మోసేది బాబాయే. డౌవెకి మాత్రం ఆనాటినుంచి పార నడుముకి తాడేసి కట్టింది. తిండికీ పారతోనే, పెళ్ళిళ్ళకీ పారతోనే.

అందుకే ఎదుటివాడి పార పీకబోయే ముందు, అది దేన్ని ఆపుతోందో చూసుకోవాలర్రా. ఊ లేదు, ఆ లేదు, పడుకున్నారూ? కథ కట్ట దిగి కంచికి పోయింది, మనం దుప్పట్లోకి.