మోచేతి ఎత్తు

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఇంటి సామాన్ల డిజైన్ నేర్పే బిర్గిట్‌కి ఒక అలవాటుండేది. ఎవరైనా పెద్ద ప్రశ్న వేస్తే జవాబు చెప్పేది కాదు, చేతికి ఏదో చిన్న పని ఇచ్చేది. ఆ దేశంలో గురువుల్ని పేరుపెట్టే పిలుస్తారు. నరసరావుపేట నుంచి వెళ్ళిన సింధూజకి మాత్రం ఏడాదైనా నోరు రాక, "మేడమ్" దగ్గరే ఆగిపోయింది.

ఒక ఉదయం సింధూజ తన ప్లాను పట్టుకుని వచ్చింది. తల్లి సీతారావమ్మ కోసం స్వీడన్ పద్ధతిలో గీసిన వంటిల్లు అది. డిగ్రీకి అదే ఆఖరి పని, సాయంత్రానికల్లా అప్పగించాలి. ప్లాను ఫొటో చూసి మురిసిపోయిన తండ్రి, వేసవిలో పాత వంటిల్లు కొట్టించి ఇదే కట్టిస్తానని మాట కూడా ఇచ్చేశాడు.

"మేడమ్, దొరికిన పుస్తకాలన్నీ చదివాను. మీ వస్తువులకి ఈ అందం చలికాలపు చీకటి వల్ల వచ్చిందని ఒకరు రాశారు, అడవుల వల్ల అని ఇంకొకరు. అసలు మీ సంస్కృతిలో ఏముంది?"

బిర్గిట్ ప్లాను మీదికి వంగింది. "ఈ వంటగట్టు ఎత్తు తొంభై సెంటీమీటర్లు. ఎక్కడిదీ కొలత?"

"మీ పుస్తకంలోదే."

"మీ అమ్మ మోచెయ్యి నేలకి ఎంత ఎత్తులో ఉంటుంది?"

డెబ్భై కుర్చీల కొలతలు సింధూజకి కంఠతా వచ్చు. ఇది రాలేదు. బిర్గిట్ గడ్డంతో ఫోన్ వైపు చూపించింది.

అక్కడ మధ్యాహ్నం. సీతారావమ్మ గిన్నెలు కడిగి చెయ్యి తుడుచుకుంటోంది.

"మోచెయ్యా? ఏమే, అక్కణ్ణుంచి జాకెట్లు కుట్టి పంపుతావా?" అంటూనే కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసింది. "కింద నిలబడి చెప్పనా, పీట మీద నిలబడి చెప్పనా?"

"పీటేంటమ్మా?"

"పొయ్యి ముందు పీట. ఇల్లు కట్టేటప్పుడు, గట్టు ఎంత ఎత్తు పెట్టమంటారని మేస్త్రి మీ నాన్ననడిగాడు. ఆయన తన నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. అప్పట్నుంచీ పీటెక్కే వండుతున్నా. ఇరవయ్యేళ్ళు తిన్నావుగా, కనపళ్ళా?"

వంటిల్లు కట్టేటప్పుడు వండే మనిషిని తప్ప అందర్నీ అడగడం మనకి ఆనవాయితీ. ఆ అడగనివాళ్ళలో మొగాళ్ళతోపాటు తనూ ఉన్నానని సింధూజకి అప్పుడు తెలిసింది. కాలికి తగిలినప్పుడల్లా విసుక్కుంటూ ఆ పీటని పక్కకి నెట్టింది తనే. పాత గట్టు కూడా కొలిపించింది. తన ప్లానులోది దానికన్నా రెండంగుళాలు ఎక్కువే. కట్టుంటే, అమ్మ పీట మీద పీట వేసుకోవాలి.

"అమ్మా, ఎంత ఎత్తుంటే నీకు హాయిగా ఉంటుంది? పొయ్యి ఎటుండాలి? కిటికీ?"

 

"ఎప్పుడూ ఎవరూ అడగలేదుగదే. ఆలోచించుకుని చెప్తా, రేపు ఫోన్ చెయ్యి," అంది సీతారావమ్మ. టేపు చుట్టి సొరుగులో పెట్టింది. మళ్ళీ నవ్వుతూ, "నా మోచేతికి మీ మేడమ్ ఎన్ని మార్కులేస్తుందో కనుక్కో," అంది.

అమ్మ మాటలన్నీ సింధూజ బిర్గిట్‌కి ఇంగ్లీషులో చెప్పింది. మార్కుల సంగతి కూడా దాచలేదు. చెబుతూనే కళ్ళు తుడుచుకుని, తొంభై అన్న అంకె చెరిపేసింది.

"సాయంత్రం ఇచ్చెయ్యాలి కదా మేడమ్. ఇక్కడ ఎంతని రాయను?"

"ఖాళీగానే ఇవ్వు," అంది బిర్గిట్. "మా దేశంలో వంటిళ్ళు గీసేవాళ్ళు ఇంటికొచ్చి, గట్టు ఎంత ఎత్తుండాలని మొదటిసారి అడిగినప్పుడు మా అమ్మమ్మ కూడా ఆలోచించుకుని చెప్తానందట."