వెనక్కి తిరగని ఈము

ఆస్ట్రేలియా నడిబొడ్డున ఒక ఎర్రమన్ను ఎడారి ఉంది. అక్కడ అడవి అంటే ముళ్ళపొదలు, ఎర్రకొండలు, ఆ కొండల మధ్య ఇరుకు లోయలు. అంతే. ఆ లోయల దగ్గర ఎగరలేని ఒక ఈము పక్షి, ఒక తల్లి కంగారూ, ఒక ముసలి ముళ్ళబల్లి కలిసిమెలిసి ఉండేవి.

ముళ్ళబల్లి అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఒంటి నిండా ముళ్ళే. తడి ఇసుకలో నిలబడితే చాలు, ఆ తడి దాని కాళ్ళ నుంచి చర్మం మీది గీతల వెంట పాకి నోటికి చేరుతుంది. అది నీళ్ళు తాగే పద్ధతే అది.

ఒక ఏడు వానలు లేక వాటి నీటిగుంట ఎండిపోయింది. కంగారూ సంచిలోని పిల్ల దాహంతో నీరసించింది. లోయలన్నీ దాటితే ఎగువన ఎప్పుడూ ఎండని మడుగు ఉంది. పిల్లను బతికించుకోవాలంటే అక్కడికి చేరాల్సిందే. మూడూ బయలుదేరాయి. ఎండిన వాగే వాటికి బాట.

ప్రయాణం హుషారుగా సాగింది. ముళ్ళబల్లి ఈము వీపెక్కి కూర్చుంది. చీమలబారు కనబడితే చాలు, "ఒరే మనవడా, కాస్త ఆగరా!" అనేది.

"నీకు తిండి యావ తప్ప ఇంకేం లేదా తాతా?" అని ఈము విసుక్కునేది. అంత నీరసంలోనూ సంచిలోంచి పిల్ల కిసుక్కున నవ్వేది.

"నా వెనకే రండి. మా జాతికి ముందడుగే గాని వెనకడుగు తెలియదు!" అని ఈము మెడ నిక్కించి గొప్పలు చెప్పేది.

మధ్యాహ్నానికి లోయ బాగా ఇరుకైంది. రెండు వైపులా గోడల్లాంటి కొండలు. నీడ చూసుకుని ఆగాయి. ఇసుకలోకి దిగిన ముళ్ళబల్లి ఉలిక్కిపడింది.

"నా నోరు తడుస్తోంది! ఇసుక అడుగున నీళ్ళు వస్తున్నాయి. ఎగువన ఎక్కడో వాన దంచికొట్టింది. వరద వస్తుంది. ఇందాక దాటిన ఏటవాలు బండ దగ్గరికి పోయి పైకెక్కుదాం, పదండి!"

ఈము పకపకా నవ్వింది. "మబ్బుతునక కూడా లేదు తాతా! చీమలు గుర్తొచ్చి నీ నోరూరుతోంది."

కంగారూ సంచిలోకి చూసింది. వెనక్కి పోతే పిల్లకు నీళ్ళు ఇంకా ఆలస్యమవుతాయి. కానీ వరదలో చిక్కితే పిల్లే దక్కదు.

"తమ్ముడూ, తాత మాట విను. తిరుగు."

"నేనా? వెనకడుగా?"

"వెనకడుగు ఎవరు వెయ్యమన్నారు? అటు తిరిగి ముందడుగే వెయ్యి!"

"కుదరదక్కా! మడుగు దగ్గర కలుద్దాం," అంటూ ఈము ముందుకే పరుగెత్తింది.

కంగారూ ముళ్ళబల్లిని ముందుకాళ్ళతో పొదివి పట్టుకుంది. ముళ్ళు గుచ్చుకున్నా ఓర్చుకుని, గెంతుకుంటూ వెళ్ళి బండ ఎక్కింది.

అంతలోనే లోయ దద్దరిల్లింది. ఎర్రటి వరద చెట్ల మొద్దులను దొర్లించుకుంటూ వచ్చింది. దాని మధ్య ఈము మెడ ఒక్కటే పైకి కనిపించింది. "అక్కా! తాతా!" అని అరుస్తూ కొట్టుకుపోయింది. ఒక్క అడుగు వెనక్కి వెయ్యనన్న ఈమును, అది బయలుదేరిన చోటికే వరద మోసుకుపోయి ఒడ్డున విసిరేసింది.

నీటి ఉద్ధృతి తగ్గాక రాతి గుంటలన్నీ నిండుగా తళతళలాడాయి. కంగారూ కడుపారా తాగింది. పిల్ల తల ముంచి తాగి, నీళ్ళు చిమ్ముతూ గెంతులు వేసింది. ముళ్ళబల్లి తడి ఇసుకలో నిలబడి కళ్ళు మూసుకుంది.

మర్నాడు ఈము కుంటుకుంటూ వచ్చింది. ఒళ్ళంతా బురద. తోక ఈకలు ఒక్కటీ లేవు.

"మామా, నీ తోకేదీ?" అంది పిల్ల.

"వరదకు ఇచ్చేశానమ్మా," అని ఈము తల దించుకుంది. "తాతా, నిన్ను చూసి నవ్వాను. బుద్ధి లేక నవ్వాను."

"సరేలేరా, ముందు ఆ బురద కడుక్కో!" అంది ముళ్ళబల్లి. పిల్ల ఆ మాటకే కాచుకున్నట్టు ఈమును గుంటలోకి ఒక్క తోపు తోసింది. నాలుగూ పడీపడీ నవ్వాయి.

నీతి: ప్రమాదం ఉందని చెప్పినవాడిని చూసి నవ్వకండి, మాట వినండి. వెనక్కి తిరిగితే పరువేమీ పోదు. మొండికేస్తే ప్రాణమే పోవచ్చు.