ఆడపడుచు తిమింగలం

అనగనగా సముద్రం ఒడ్డున అలలకోట అనే రాజ్యం. దాని రాజు రత్నసేనుడు. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. ఏ తిమింగలమైనా దారి తప్పి ఒడ్డున పడితే దాన్ని ఇంటి ఆడపడుచులా చూసుకోవాలి. ఒళ్లు ఎండకుండా నీళ్లు పోసి, నుదుట పసుపు కుంకుమ పెట్టి, ఊరంతా కలిసి నీళ్లలోకి సాగనంపాలి. తిమింగలానికి నుదురెక్కడని అడక్కండి, కళ్లకి పైన ఎక్కడో ఒకచోట పెట్టేవారు.

ఒక ఏడు ఆ సముద్రంలో చేపలు మాయమైపోయాయి. వల వేస్తే నాచు కూడా రాలేదు. కారణం కనుక్కొస్తానని పెద్ద రాకుమారుడు కత్తి పట్టుకుని ఓడెక్కాడు, తిరిగి రాలేదు. రెండోవాడు ఓడ నిండా తిండి నింపుకుని వెళ్లాడు, అతనూ రాలేదు. మూడోవాడు మణికేతుడు. అతన్ని మాత్రం తల్లి గడప దాటనివ్వలేదు.

ఒకనాటి పొద్దున్నే ఒక తిమింగలం పిల్ల ఒడ్డున పడింది. ఆకలితో ఉన్న జనం కత్తులతో మూగారు. మణికేతుడు అడ్డం నిలబడ్డాడు.

"ఆడపడుచుని కోసుకు తింటారా?"

"పిల్లలు పస్తులుంటే ఆడపడుచేమిటి బాబూ!" అన్నాడో ముసలి జాలరి, కళ్లనీళ్లతో.

"నిజమే తాతా. చేపల్ని నేను తీసుకొస్తాను. దీన్ని మాత్రం వదిలెయ్యండి."

ఆ గొంతులో పట్టుదల చూసి జనం కత్తులు దించారు. నీళ్లు పోశారు, పసుపు పెట్టారు, సముద్రంలోకి నెట్టారు. నీళ్లు తగలగానే పిల్ల కళ్లు తెరిచింది.

"అన్నయ్యా, మా అమ్మ కనిపించడం లేదు. పాలు తాగి చాలా రోజులైంది."

"పద చెల్లెమ్మా, వెతుకుదాం," అని మణికేతుడు దాని వీపెక్కాడు. ఈసారి తల్లి ఆపలేదు, దీవించి పంపింది.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు. అక్కడ ఒక తాబేలు ఎదురైంది.

"మీకోసమే చూస్తున్నాను నాయనా. ఏడు సముద్రాల అవతల ధూమజటుడని ఒక మాంత్రికుడున్నాడు. ప్రాణాన్ని చిలకలో పెట్టి, చిలకని పంజరంలో పెట్టి, పంజరాన్ని ఈ పిల్ల తల్లి నోట్లో దాచాడు. చేప నోరు దేనికి తెరుస్తుంది? కత్తికి, ఎరకి, భయానికి అనుకున్నాడు. ఆ మూడింటికీ తెరుచుకోకుండా మంత్రం వేశాడు. కత్తితో వెళ్లిన మీ పెద్దన్న, ఎరతో వెళ్లిన మీ చిన్నన్న రాళ్లయ్యారు. అక్కడ చెరలో ఉన్న రాకుమారి హేమరేఖ ఇదంతా విని నాతో చెప్పి పంపింది."

"మరి చేపలెందుకు పోయాయి?"

"ఆ తల్లి తింటేగా పేడ వేసేది! పొలానికి పశువుల పేడ ఎలాగో సముద్రానికి తిమింగలాల పేడ అలాగ. ఎరువు లేక నాచు పోయింది, నాచు లేక చేపలు పోయాయి."

నవ్వకండి పిల్లలూ, ఉన్నమాటే చెప్పింది తాబేలు.

"చేపట, చేప!" అనుకున్నాడు మణికేతుడు. "పాలిచ్చే తల్లి చేపెలా అవుతుంది?" ఆ ముక్క దగ్గరే మాంత్రికుడు తప్పు చేశాడని అతనికి తెలిసిపోయింది.

నాలుగో సముద్రంలో "అన్నయ్యా, అలిసిపోయాను," అంది పిల్ల. "ఇంకొంచెం, చెల్లెమ్మా." అయిదో సముద్రంలోనూ అదే మాట, ఆరో సముద్రంలోనూ అదే మాట. ఏడో సముద్రంలో మాట కూడా రాలేదు, పిల్ల మునిగిపోసాగింది. మణికేతుడు వీపు మీంచి దూకాడు. ఊపిరి ఆడాలని దాని తలని భుజం మీద ఎత్తిపట్టి, చేతులు పడిపోతున్నా ఆగకుండా ఈదాడు.

దీవి పక్కనే తల్లి తిమింగలం నోరు మూసుకుని, చిక్కి, కొయ్యబారి ఉంది. ఒడ్డున ధూమజటుడు పకపకా నవ్వాడు.

"కత్తి తెచ్చావా? ఎర తెచ్చావా? బెదిరించడానికి వచ్చావా?"

"ఏదీ కాదు. ఆవిడ కూతుర్ని తెచ్చాను," అని మణికేతుడు పిల్ల వైపు వంగాడు. "పిలు చెల్లెమ్మా. ఒక్కసారి పిలు."

"అమ్మా!" అంది పిల్ల, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని.

"వచ్చావా నా తల్లీ!" అని ఆ తల్లి నోరు తెరిచింది.

పంజరం నీళ్లలో పడింది. మణికేతుడు అందుకుని తలుపు తీశాడు. చిలక తుర్రుమంది, దాంతోపాటే మాంత్రికుడి ప్రాణమూ పోయింది. రాళ్లు రాకుమారులయ్యాయి, హేమరేఖ చెర వీడింది. పిల్ల మాత్రం ఇవేవీ చూడలేదు, కడుపారా పాలు తాగుతోంది.

తల్లి మళ్లీ మేత మేసింది. నాచు మొలిచింది, చేపలొచ్చాయి, అలలకోటలో పొయ్యిలు వెలిగాయి. మణికేతుడికీ హేమరేఖకీ ఆమె పుట్టింట పెళ్లయింది. కొత్త దంపతులు ఓడలో వస్తుంటే రేవుకి అడ్డంగా తిమింగలం పిల్ల పడుకుంది.

"ఆడపడుచుని! పేర్లు చెబితేగానీ దారివ్వను వదినా!"

ఇద్దరూ సిగ్గుపడుతూ పేర్లు చెప్పారు.

"అది చాలదు. రేపు నా పిల్లలు ఒడ్డున పడితే, మీకు ఎంత ఆకలిగా ఉన్నా సాగనంపుతామని మాటివ్వాలి."

ఒడ్డు మీది ముసలి జాలరే అందరికంటే ముందు చెయ్యెత్తాడు. "మాటిచ్చాం తల్లీ!"

పిల్ల సంబరంగా నీళ్లు చిమ్మింది, పెళ్లివారంతా తడిసి ముద్దయ్యారు. ఆ దంపతులు చాలాకాలం చల్లగా ఏలారు. ఆ ఒడ్డున నేటికీ ప్రతి ఇంట్లో ఒక పసుపు పొట్లం వేరుగా దాచి ఉంచుతారట, ఏ ఆడపడుచు ఎప్పుడొస్తుందోనని.