అరవై పౌండ్ల మనసు

జోథమ్ రాసుకొచ్చిన పదకొండు పేజీల్లో అయ్యగారు ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. చదివారు, మడిచారు, తిరిగి ఇచ్చేశారు. జోథమ్‌కి అది మింగుడు పడలేదు.

ఎనిమిదేళ్ళుగా ఆయన దగ్గరే చదువు. లాటిన్ నేర్పింది ఆయనే, తర్కం నేర్పింది ఆయనే. కామా కాస్త పక్కకి జరిగినా ఊరుకునే మనిషి కాదు. అలాంటి ఒబదయా పాస్టరుగారు ఇవాళ బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. పెరట్లో బఠాణీ మడి దగ్గర గొంతుక్కూచుని కలుపు తీసుకుంటున్నారు.

అది మసాచుసెట్స్‌లో వెస్ట్ హార్లో అనే కొండ ఊరు. పదిహేడు వందల ఎనభై, మే నెల. ఇంగ్లండు రాజుతో యుద్ధం ఇంకా తెగలేదు. ఈలోగా రాష్ట్రం తనకంటూ ఒక రాజ్యాంగం రాసుకుని ఊరూరికీ పంపింది. ఒక్కో నిబంధనా చదవండి, నచ్చితే నచ్చిందనండి, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రాసి పంపండి అంది. ఏ రాజైనా ఏనాడైనా రైతుని ఇలా అడిగాడా అని ఊరు ఊరంతా పొంగిపోయింది. అక్కడి మగాళ్ళంతా నున్నగా గీసుకునేవాళ్ళు గాని, మీసాలే ఉంటే మెలేసేవాళ్ళు. ఆడవాళ్ళని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ సిగ్గు వేరే.

ఊరి తరఫున జవాబు రాసే కమిటీకి పెద్ద, జోథమ్ తండ్రి గ్రాంజర్. ఊళ్ళో సగం పొలం ఆయనదే. కలం పట్టింది మాత్రం జోథమ్. తెల్లారితే సభ.

అరవై పౌండ్ల ఆస్తి ఉన్నవాడికే ఓటు అని ఆ రాజ్యాంగంలో ఒక నిబంధన ఉంది. దాన్ని సమర్థిస్తూ జోథమ్ నాలుగు పేజీలు నింపాడు. రోమ్‌ని తెచ్చాడు, ఏథెన్స్‌ని తెచ్చాడు. చివర్లో ఒక వాక్యం రాసి, దాన్ని తనే పదిసార్లు చదువుకుని మురిసిపోయాడు. "ఆస్తి లేనివాడికి సొంత మనసు ఉండదు. కూలి ఇచ్చేవాడు ఎటు నిలబడమంటే అటు నిలబడతాడు."

ఇందులో తమాషా ఏమిటంటే, రాజ్యాంగం గురించి అభిప్రాయం చెప్పే ఈ ఒక్కసారికి మాత్రం ఆస్తితో పని లేదన్నారు. ఇరవై ఒక్కేళ్ళు నిండిన ప్రతి మగాడూ రావచ్చు. అంటే ఏమీ లేనివాడు రేపు సభకొచ్చి, ఇకముందు తనకి ఓటుండాలా వద్దా అని ఓటేసి పోవాలన్నమాట.

"తప్పుంటే చెప్పండయ్యగారూ," అన్నాడు జోథమ్, ఉండబట్టలేక.

"ఆ చివరి వాక్యం నిజమేనా?"

"నిజమేనండీ. చాలా పెద్దవాళ్ళు రాశారు."

"మీ ఉత్తరపు బీడుకి గోడ కడుతున్నది ఎవరు?"

"ఆమోస్ పైక్."

"అరవై పౌండ్లు ఉంటాయా అతని దగ్గర?"

"అరవై షిల్లింగులు కూడా ఉండవండీ."

అయ్యగారు మట్టి చేతులు దులుపుకున్నారు. "అయితే ఒకసారి వెళ్ళి, రేపు సభలో తూర్పు గోడ వైపు నిలబడమని చెప్పి రా. నీ వాక్యం నిజమైతే ఎంతసేపట్లో అయిపోతుంది?"

ఆ ఊరి సభలో చేతులెత్తడాలు, చీటీలు లేవు. ఔనన్నవాళ్ళు లేచి తూర్పు గోడకి పోతారు, కాదన్నవాళ్ళు పడమటి గోడకి. ఎవడు ఎటు పోయాడో ఊరంతా చూస్తుంది.

జోథమ్ హుషారుగా బయల్దేరాడు.

ఆ కొండల్లో ప్రతి చలికాలం నేల గడ్డకట్టి, వసంతానికి కొత్త రాళ్ళని పైకి తోస్తుంది. పంట ఎలా ఉన్నా రాళ్ళకి మాత్రం ఏ ఏడూ కరువు లేదు. వాటితోనే గోడలు కడతారు. ఆమోస్ నలభై ఏళ్ళవాడు. ఊళ్ళో గోడల్లో సగం అతని చేతి కింద లేచినవే. వాటిలో ఒక్కటీ అతని పొలం చుట్టూ లేదు, అతనికి పొలమే లేదు కాబట్టి. మూడేళ్ళు సైన్యంలో ఉన్నాడు. జీతం కాగితం నోట్లలో ఇచ్చారు. ఇంటికొచ్చేసరికి ఆ కట్టంతా ఇచ్చినా జత బూట్లు రాలేదు.

"ఆమోస్, రేపు సభలో తూర్పు గోడ వైపు నిలబడు," అన్నాడు జోథమ్.

ఆమోస్ రాయి తిప్పి చూసుకుంటూ, "దేనికి?" అన్నాడు.

"ఓటు నిబంధన ఒకటుంది. నీకు చెప్పినా తెలీదులే. నాన్నగారి మాట అది."

"మీ నాన్నగారు చెప్పమన్నారా?"

జోథమ్ తడబడ్డాడు. తడబడ్డందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ఆ కోపంలో, అయ్యగారు చెప్పని మాట ఒకటి నోరు జారి అనేశాడు. "మా పనిలో ఉన్నావు కదా. కాదంటే పని ఉండదు."

ఆమోస్ చేతిలోని రాయిని సరిగ్గా కూర్చోబెట్టాడు. కదులుతుందేమోనని అరచేత్తో నొక్కి చూశాడు. తర్వాత గడ్డపార, సుత్తి తీసుకుని భుజాన వేసుకున్నాడు.

"నేల మీది, రాయి మీది, గోడా మీదే అబ్బాయిగారూ. రేపు నేను ఎటు నిలబడతానో అది నాది. నాలుగు రోజుల కూలి రావాలి, అది కూడా మీ నాన్నగారినే ఉంచుకోమనండి."

నాలుగడుగులు వేసి ఆగాడు. "ఆ కాగితంలో ఏముందో చదివి వినిపించి అడిగుంటే, ఆలోచించి చెప్పేవాణ్ణి."

జోథమ్ తిరిగొచ్చేసరికి అయ్యగారు ఇంకా బఠాణీ మడిలోనే ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. పని ఉండదన్న మాట దగ్గర మాత్రం గొంతు కిందకి దిగిపోయింది.

"ఆ మాట నేను చెప్పమనలేదే," అన్నారు అయ్యగారు.

"లేదండీ."

కాసేపటికి జోథమ్ కాగితాలు మోకాలి మీద పరిచి, పెన్సిల్ తీశాడు. "ఈ నాలుగు పేజీలూ కొట్టేస్తానయ్యగారూ. తప్పు రాశాను."

"కొట్టెయ్. అలాగే ఇంటికెళ్ళాక మీ నాన్నగారికీ ఒక మాట చెప్పు."

పెన్సిల్ ఆగిపోయింది.

జోథమ్‌కి ఇరవై రెండేళ్ళు. తన పేర సెంటు భూమి లేదు. పంటలు ఇంటికి రాగానే మిల్లు పక్క పొలం రాసిస్తానని తండ్రి మాటిచ్చాడు. ఆ పొలం చేతికొస్తేనే పెళ్ళి, ఇల్లు, అరవై పౌండ్లు, ఓటు. గ్రాంజర్‌కి ఎదురు చెప్పి ఆయన దగ్గర ఏదైనా పుచ్చుకున్నవాడు ఆ కొండ మీద ఇంకా పుట్టలేదు.

"నాన్నగారికా?" అన్నాడు. పెన్సిల్ జేబులో పెట్టేసి, "నా వల్ల కాదయ్యగారూ," అన్నాడు.

అయ్యగారు ఇంకో మొక్క మొదట్లో కలుపు పీకి పక్కన పడేశారు.

జోథమ్ కళ్ళు తను రాసిన చివరి వాక్యం మీద పడ్డాయి. కాగితాలు చుట్టుకుని, సెలవైనా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఒక్క పేజీ కూడా కొట్టెయ్యలేదు.

మర్నాడు ప్రార్థన మందిరంలోనే సభ. అక్కడ ఎవరి బల్ల ఎక్కడో ఆస్తిని బట్టి ఊరు ఎప్పుడో నిర్ణయించేసింది. అన్నిటికంటే ముందు గ్రాంజర్ బల్ల. అందరికంటే వెనక, మెట్ల కింద చీకట్లో ఆమోస్ లాంటివాళ్ళ బల్ల. దేవుడికి దగ్గరగా కూర్చోవడానికి కూడా పౌండ్లు కావాలని ఆ ఊరు ఎక్కడ చదువుకుందో తెలీదు.

జోథమ్ నిలబడి నివేదిక చదివాడు. ఓటు నిబంధన వచ్చింది. రోమ్, ఏథెన్స్ అన్నీ అయ్యాయి. గ్రాంజర్ తృప్తిగా తలాడించాడు. చివరి వాక్యం కూడా జోథమ్ ఉన్నదున్నట్టు చదివాడు.

వెనక బల్లలోంచి ఆమోస్ లేచాడు.

"మూడేళ్ళు తుపాకీ మోశానయ్యా. చేతికిచ్చేముందు, నీ దగ్గర అరవై పౌండ్లున్నాయా అని ఎవరూ అడగలేదు," అని కూర్చున్నాడు.

సభాపతి గొంతు సవరించుకుని, "ఇక ఎవరి గోడకి వాళ్ళు వెళ్ళచ్చు," అన్నాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు జోథమ్. కాగితాలు బల్ల మీద పెట్టేశాడు. "ఇది రాసింది నేనే. ఇది తప్పు. నిన్న నేను ఆమోస్‌ని పనిలోంచి తీసేస్తానని బెదిరించాను. అతను బెదరలేదు. బెదిరింది నేను. నన్ను ఎవరూ బెదిరించకుండానే, నిన్నటి నుంచి బెదిరిపోయే ఉన్నాను."

గ్రాంజర్ మొహం ఎర్రబడింది. "కూర్చో," అన్నాడు, గట్టిగా కాదు.

జోథమ్ కూర్చోలేదు. ముందు బల్ల నుంచి పడమటి గోడకి ఇరవై అడుగులుంటుందేమో. అతను ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ అందరి కళ్ళ ముందు నుంచీ నడిచి వెళ్ళాడు. అప్పటికే అక్కడికి చేరుకున్న ఆమోస్ అతన్ని చూసి నవ్వలేదు, భుజం తట్టలేదు. కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు.

తర్వాత కమ్మరి వచ్చాడు. అతని వెనక గ్రాంజర్ కౌలుదార్లు ఇద్దరు, కామందు వైపు చూడకుండా తలలు వంచుకుని వచ్చారు. లెక్క తేలేసరికి తూర్పున ముప్ఫై ఎనిమిది, పడమట నలభై ఆరు. అరవై పౌండ్ల నిబంధనకి వెస్ట్ హార్లో ఒప్పుకోదని ఊరి గుమాస్తా అక్కడికక్కడే రాసుకున్నాడు. ఆ ఒక్క ఊరు వద్దన్నంత మాత్రాన నిబంధన పోలేదు, ఇంకో నలభై ఏళ్ళు అలాగే ఉంది. అయినా అడిగినప్పుడు ఆ ఊరు చెప్పాల్సింది చెప్పింది. ఆ రోజు పడమటి గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు ఆ సంగతి మనవలకి కూడా చెప్పుకున్నారు.

సభ ముగిశాక గ్రాంజర్ గుర్రమెక్కుతూ, కొడుకు మొహం చూడకుండానే, "మిల్లు పొలం సంగతి ఇక ఎత్తకు," అని వెళ్ళిపోయాడు.

జోథమ్ మందిరం ముందే నిలబడిపోయాడు. అయ్యగారు వచ్చి పక్కన నిలబడ్డారు. ఎంతోమందికి చదువు చెప్పారు గాని, ఒక శిష్యుణ్ణి చూసి ఆయన గుండె ఇంతగా ఉప్పొంగడం ఇదే మొదలు. అది దాచుకోవడం ఆయనకి చేతకాలేదు, కళ్ళు చెమ్మగిల్లాయి.

"పొలం పోయిందయ్యగారూ," అన్నాడు జోథమ్.

"పోనీరా," అన్నారాయన. "నీ ఓటు నీదైంది."