ఇంకా నానలేదు

నస్రీన్ ఏం పెట్టినా వద్దనదు. తల్లి దస్తగిరమ్మ బాధ అదే.

తొమ్మిదేళ్ళ పిల్ల. గిన్నె చేతికిస్తే తీసుకుంటుంది. నోట్లో పెట్టుకుంటుంది. "బాగుందా?" అంటే "బాగుందిమా" అంటుంది. కాసేపయ్యాక మెల్లగా పెరట్లోకి పోయి, బుగ్గన దాచుకున్నదంతా కరివేపాకు చెట్టు మొదట్లో ఉమ్మేసి, నోరు పుక్కిలించి, మూతి తుడుచుకుని లోపలికి వస్తుంది.

పిల్ల ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి మూడు వారాలు దాటింది. ఈ ఉమ్మడం సంగతి దస్తగిరమ్మ కనిపెట్టి పది రోజులు. కిటికీలోంచి చూసింది. పిల్లను అడగలేదు. ఏమని అడుగుతుంది?

గురువారం పొద్దున నస్రీన్ బడికి పోగానే, చియా గింజల సీసా సంచిలో వేసుకుని ఆమె దర్గాకు బయల్దేరింది.

కుందూ నది ఒడ్డున చిన్న దర్గా అది. దాన్ని చూసుకునే ఫక్కీరప్ప తాత దూదేకి, పరుపులు కుట్టి బతికినవాడు. ఇప్పుడు చూపు ఆనదు. సూదిలో దారం ఎవరైనా ఎక్కించివ్వాలి. అయినా పాత పరుపులు వస్తూనే ఉంటాయి. ఆయన వసారాలో కూర్చుని, ఉండలు కట్టిన దూదిని వేళ్ళతో విప్పుతూ ఉంటాడు. నాలుగు మంచి మాటలు చెప్పమని వచ్చినవాళ్ళకు కూడా ముందొక దూది ఉండ చేతిలో పెడతాడు. కొందరు అది చూసి మళ్ళీ రారు.

పెళ్ళయిన పన్నెండేళ్ళ వరకు దస్తగిరమ్మకు పిల్లల్లేరు. ఆ దిగులుతోనే మొదటిసారి ఆయన దగ్గరకు వచ్చింది. ఆయన్నే గురువనుకుని ఉపదేశం తీసుకుంది. తర్వాత రెండేళ్ళకు నస్రీన్ పుట్టింది. అదంతా తాత చలవే అని ఎవరైనా అంటే ఆయన ఒప్పుకోడు.

"నాకెందుకు నాయనా ఆ నింద! మొగుడూ పెళ్ళాలు ఉండారు, వాళ్ళ తిప్పలు వాళ్ళు పడినారు" అంటాడు.

సాయంత్రం పూట ఆ వసారాలోనే ఊరి పిల్లలు పదిపన్నెండు మంది కూర్చుని చదువుకుంటారు. వాళ్ళ చిరుతిండి బాధ్యత దస్తగిరమ్మ తన మీద వేసుకుంది. మొదట్లో మరమరాలు, ఉడకబెట్టిన శనగలు తెచ్చేది. పోయిన ఏడాది ఫోన్లో ఏవో వీడియోలు చూసింది. నస్రీన్ గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది కదా అని, ఆ చియా గింజలేవో బలమట అని, తెప్పించింది. అక్కడి నుంచి ఆమె చేతికి ఆగడం తెలియలేదు. నువ్వులు, బెల్లం, చియా కలిపి ఉండలు. ఖర్జూరం మెదిపి, వేరుశనగలు దంచి, చియాలో దొర్లించిన ముద్దలు. రాగిదోసెల్లో చియా. అరటిపండు చిదిమిన పాలల్లో చియా. ఇంట్లో ఉన్న రంగురంగుల ప్యాకెట్లన్నీ తీసి పారేసింది. వీధిలో తల్లులు వచ్చి ఎలా చేయాలో అడిగి రాసుకుని పోయేవాళ్ళు. వాళ్ళకు చెబుతున్నప్పుడు ఆమె మెడ కొంచెం నిటారుగా ఉండేది.

నానిన చియా చుట్టూ జిగురు పట్టి, లోపల నల్లటి చుక్కతో ఉంటుంది. దర్గా పిల్లలు దానికి కప్పగుడ్లని పేరు పెట్టారు. ఆమెను కప్పగుడ్ల చిన్నమ్మ అన్నారు. ఆమెకు ఒళ్ళు మండేది.

"పిల్లోళ్ళు ఏమంటాండారు మే, నీ తిండిని?" అని అప్పుడొకసారి తాత అడిగాడు.

"పిల్లోళ్ళకేం తెలుసు తాతా? మనం పెట్టాల, వాళ్ళు తినాల."

తాత దూది విప్పుకుంటూ కూర్చున్నాడు.

ఇప్పుడు కూడా అలాగే కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని తలెత్తాడు.

"ఎవరూ, దస్తగిరమ్మేనా? నెల కావస్తా ఉంది నిన్ను చూసి. కప్పగుడ్ల చిన్నమ్మ యాడికి పోయిందని పిల్లోళ్ళు నా ప్రాణం తీస్తాండారు."

ఎప్పుడూ ఆ పేరుకు మండిపడే మనిషి ఈసారి దండం పెట్టి, ఆయన ఎదురుగా కూర్చుని, సీసా తీసి ముందు పెట్టింది.

"ఇవి ఎంతసేపు నానాల తాతా?"

"పరుపులు కుట్టేటోణ్ణి అడుగుతాండావా?"

"డాక్టరు అరగంటన్నా నానాల అన్నాడు. ఫోన్లో ఒకామె రెండు గంటలనింది. ఇంకొకామె రాత్రంతా అనింది. ఒక్కరూ ఒక మాట మీద లేరు. నువ్వు ఒక మాట చెప్పు తాతా. అది తప్పను. బతికి ఉండగా తప్పను."

ఊరంతా తెలిసిన సంగతే. అయినా ఆయన "ఏం జరిగింది?" అని అడిగాడు. ఆమె చెప్పింది.

ఆ రోజు కూడా గురువారమే. దర్గాకు ఉండలు చేసే తొందరలో ఉంది. నస్రీన్‌కు గ్లాసులో మూడు చెంచాల చియా వేసి, కాసిని మజ్జిగ పోసి, అయిదు నిమిషాలకే చేతికిచ్చింది. చిన్నప్పటి నుంచి రంజాన్ షర్బత్‌లో సబ్జా వేసిన చెయ్యి ఆమెది. సబ్జా అయితే నీళ్ళు తగలగానే ఉబ్బుతుంది. ఇదీ అంతేలే అనుకుంది. పిల్ల తాగింది. గింజలు గొంతు దిగి, లోపల ఉబ్బి, ముద్ద కట్టాయి. అరగంటకు పిల్ల తన ఉమ్మి తాను మింగలేకపోయింది. చొంగ కారుస్తూ, గుండె మీద వేలు పెట్టి చూపించింది. టౌనుకు తీసుకుపోయారు. మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం వేసి, ముద్దను తీశారు. రెండు రోజులు ఉంచుకున్నారు.

"మా ఇంటాయన ఒక్క మాట అనలే. నాలుగు తిట్టినా బాగుండు" అంది.

"అంతేనా?"

"అంతే తాతా. సబ్జా అనుకున్న్యా. అదే నేను చేసిన తప్పు."



"కుండలో నీళ్ళుండాయి. ఒక గ్లాసుడు తే" అన్నాడు తాత.

తెచ్చింది. ఆయన తడుముకుంటూ సీసా మూత తీసి, ఒక చెంచాడు గింజలు నీళ్ళలో వేసి, కలిపాడు. నల్లగా సుడి తిరిగాయి. గ్లాసు పక్కన పెట్టి, ఆమె చేతిలో ఒక దూది ఉండ పెట్టాడు.

ఆమె విప్పడం మొదలుపెట్టింది. ఎవరి తల కిందో ఏళ్ళ తరబడి నలిగిన దూది. లాగితే తెగుతోంది.

కొంచెం సేపటికి తాత గ్లాసు అందించాడు.

"ఒక గుక్క తాగు."

గురువు చెప్పాడు. తాగింది. గింజలు పళ్ళ మధ్య ఇసకలా తగిలాయి.

"ఇంకా నానలేదు తాతా."

"సరే" అని ఆయన గ్లాసు అందుకుని కింద పెట్టాడు. మళ్ళీ దూదిలో పడ్డాడు.

దర్గా వెనక ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. ఆ చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది. తాత గ్లాసు తీశాడు.

"ఇప్పుడు?"

ఇంకో గుక్క. "పైన జిగురు పట్టింది. లోపల ఇంకా గట్టిగానే ఉండాయి."

"సరే."

గ్లాసు కిందికి దిగింది.

ఈసారి ఆమె ఆ చేతిని చూసింది. గోళ్ళ సందుల్లో దూది పోగులు. ఆమె నోట్లోంచి మాట రాగానే ఆ చెయ్యి గ్లాసు దించింది. 'నిజమేనా' అనలేదు. తాను రుచి చూడలేదు. 'అరగంటయింది కదా, ఇంకేం నానాల' అనలేదు. నాటకాలాడొద్దు అనలేదు.

నాటకాలు.

దస్తగిరమ్మ వేళ్ళు ఆగిపోయాయి.

"తాతా."

"ఊఁ."

"ఆ పొద్దు పిల్ల చెప్పింది."

తాత దూది పక్కన పెట్టాడు.

"ఒక గుక్క తాగి చెప్పింది. 'గింజలు గింజల్లాగే ఉండాయిమా, మింగుడు పడలే' అనింది. నాటకాలాడొద్దన్న్యా. మళ్ళీ చెప్పింది. రెండుసార్లు చెప్పింది తాతా. నేను గ్లాసు అడుగున చెయ్యి పెట్టి పైకెత్తినా. ఈ చేత్తోనే."

చెయ్యి చాచింది. చాచిన అరచేతిలో సగం విప్పిన దూది ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు.

"డాక్టరుకు చెప్పలే. మా ఇంటాయనకు చెప్పలే. పిల్ల కూడా ఎవురికీ చెప్పలే. 'తొందరగా తాగేసినా' అని చెప్పింది, డాక్టరు అడిగితే. నా పక్క చూసి చెప్పింది."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తాత ఊరడించలేదు. ఆమె అరచేతిలోంచి దూది తీసుకుని కుప్పలో వేశాడు. ఆమె ఏడుపు దానంతట అది తగ్గేదాకా కూర్చున్నాడు. తర్వాత గ్లాసు తీసి, మిగిలిన నీళ్ళు తాను తాగాడు. నోట్లో అటూ ఇటూ తిప్పి, మింగి, మొహం చిట్లించాడు.

"పిల్లోళ్ళు అబద్ధం చెప్పలేదు మే. కప్పగుడ్లే."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. నవ్వినందుకు మళ్ళీ ఏడ్చింది.

సీసాకు మూత బిగించి ఆయన ఆమె ఒళ్ళో పెట్టాడు.

"పో. ఇంటికి పోయి నానబెట్టు."

ఆమె లేచింది. మెట్లు దిగింది. అలవాటైన నోరు ఊరుకోలేదు. వెనక్కి తిరిగి అడిగింది.

"ఎంతసేపు తాతా?"

"తాగేవాళ్ళనడుగు" అన్నాడు ఫక్కీరప్ప తాత. అప్పటికే దూది ఉండ చేతిలోకి తీసుకున్నాడు.

*

నస్రీన్ బడి నుంచి వచ్చేసరికి దస్తగిరమ్మ పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన గ్లాసు. పాలు, చిదిమిన అరటిపండు, కొంచెం బెల్లం. ఒక్క చెంచాడు గింజలు, అంతే. మధ్యాహ్నం నుంచి నానుతున్నాయి. మూడుసార్లు తాను నోట్లో వేసుకుని చూసింది. నాలుక మీద పెడితే జారిపోతున్నాయి.

పిల్ల సంచి దించింది. గ్లాసును చూసింది. చెప్పకుండానే వచ్చి పక్కన కూర్చుని, తీసుకుని, ఒక గుక్క నోట్లో పోసుకుంది.

కుడి బుగ్గ కొంచెం ఉబ్బింది.

'బాగుందా' అన్న మాట దస్తగిరమ్మ పెదాల దాకా వచ్చింది. దాన్ని మింగింది. దోసిలి పట్టి పిల్ల గడ్డం కింద పెట్టింది.

నస్రీన్ ఆ చేతుల వైపు చూసింది. కరివేపాకు చెట్టు వైపు చూసింది. మళ్ళీ అమ్మ మొహం వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తల వంచి, నోట్లోదంతా అమ్మ దోసిట్లో ఉమ్మేసింది.

దస్తగిరమ్మ చేతులు కదల్లేదు.

"ఇంకా నానలేదుమా" అంది పిల్ల. గొంతు వినబడీ వినబడనట్టుంది.

దోసిట్లో గింజలు మెత్తగా, ఉబ్బి, పాలలో తేలుతున్నాయి. నొక్కితే చితికేలా ఉన్నాయి.

దస్తగిరమ్మ చేతులు చెట్టు మొదట్లో కడుక్కుని వచ్చింది. పిల్ల చేతిలోంచి గ్లాసు తీసుకుంది. కింద పెట్టింది.

"సరే" అంది.

ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు. మధ్యలో గ్లాసు ఉంది.