రైతు లేరు

వేదమణి మేడంకు ఒక అలవాటుంది. క్లాసులో ఎవరైనా అడ్డం తిరిగి ప్రశ్న వేస్తే వెంటనే జవాబివ్వరు. డస్టర్ తీసుకుని బోర్డంతా తుడిచి, చేతులు దులుపుకుని, "చూద్దాం" అంటారు. మా డిగ్రీ కాలేజీలో ఆమె పర్యావరణం చెబుతారు, నేను తెలుగు చెబుతాను. పక్కపక్క గదులు కావడంతో ఆ "చూద్దాం" నాకు గోడ అవతలి నుంచి వినిపిస్తూనే ఉంటుంది. నాకు అంత ఓపిక లేదు. అడ్డం తిరిగినవాణ్ణి అక్కడికక్కడే నాలుగు మాటలని కూర్చోబెట్టే రకం నేను.

ఆ రోజు ఆమె నేలకూ ఆడవాళ్ళకూ ఉన్న సంబంధం గురించి చెబుతున్నారు. ఇద్దరి చాకిరీ మీదే లోకం నడుస్తున్నా, ఇద్దరి పనీ ఎవరి కంటికీ ఆనదని అంటున్నారు. వెనక బెంచీలోంచి భానుచందర్ లేచాడు. తెలివైనవాడే, నోరు కూడా తక్కువేం కాదు.

"మేడం, వాన పడకపోతే అందరికీ పడదు. అండ్ల ఆడా మగా ఏంది? పర్యావరణం చెప్పుకుంట మధ్యల ఆడోళ్ళ ముచ్చట ఎందుకు తెస్తున్నరు?"

క్లాసంతా నవ్వింది. నిజం చెప్పొద్దూ, గోడ ఇవతల నేనూ నవ్వాను. మేడం బోర్డు తుడిచారు.

మధ్యాహ్నం ఆమె నా గదికి వచ్చి, రాళ్లకుంట సర్వే ఫారాలు చూపించమన్నారు. కాలేజీలో ఎన్ఎస్ఎస్ నా చేతిలోనే ఉంది. రాళ్లకుంటలో ఎప్పుడో పేదలకు పంచిన ప్రభుత్వ భూములున్నాయి. వాటిని ఇప్పుడు ఎవరు సాగు చేస్తున్నారో ఇల్లిల్లూ తిరిగి రాసుకు రమ్మని రెవెన్యూ ఆఫీసు వాళ్ళు మా పిల్లలకు అప్పగించారు. సాగు లేదని తేలిన భూమిని వెనక్కి తీసుకుంటారు. ఫారాలు శనివారం నా సంతకంతో ఆఫీసుకు చేరాలి. మేడం కట్ట తిరగేసి ఒక కాగితం బయటికి లాగారు. "సాగు చేస్తున్న రైతు ఉన్నారా?" అనే ప్రశ్నకు ఎదురుగా, భానుచందర్ గుండ్రటి చేతిరాతతో "రైతు లేరు" అని ఉంది.

మర్నాడు పొద్దున్నే ఫారాల కట్టతో మేడం, నేను, భానుచందర్ ముగ్గురం ఆ ఇంటికి వెళ్ళాం. ఇల్లు మాణిక్యమ్మ అనే ఆమెది. వాకిట్లో కూర్చుని కంది విత్తనాలకు బూడిద పట్టిస్తోంది. మోచేతుల దాకా బూడిదే.

"మొన్న అడిగిందే మళ్ళీ అడుగు" అన్నారు మేడం.

భానుచందర్ అడిగాడు. మాణిక్యమ్మ తల కూడా ఎత్తలేదు. "రైతు లేడని మొన్ననే చెప్పిన గద బిడ్డా. పట్నంల వాచ్‌మన్ పనికి పోయిండు. నాలుగేండ్లాయె."

"మరి ఈ విత్తనం ఎక్కడిదమ్మా?" అన్నారు మేడం.

"మా చేన్లదే. ఇంకెక్కడిది?"

"ఎవరు పండించారు?"

"నేనే. ఎర్ర చెల్కల కొర్రలు ఏస్త, నల్ల రేగట్ల కందులు ఏస్త. రేగట్ల కొర్రలేస్తే ఆకు ఏపుగొస్తది గని గింజ పట్టదు. పోయినేడు వాన ఎత్తేస్తే ఊర్ల అందరి పత్తి ఎండింది, మా కొర్రలు నిలవడ్డయ్." ఆ మాట అంటున్నప్పుడు మాత్రం తలెత్తింది. ఆ గర్వం ఆమె దాచుకోలేదు.

"మరి రైతు లేడంటావేంటమ్మా?"

"పట్టా ఆయన పేరు మీదున్నది గద. రైతంటే ఆయనే. నేను చేన్ల పని చేస్త, అంతే."

అప్పుడు మేడం ఆ కాగితం ఎక్కడికి పోతుందో, పోతే ఏమవుతుందో ఉన్నదున్నట్టు చెప్పారు. మాణిక్యమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ ముఖం నేను చూడలేకపోయాను. సంతకం పెట్టాల్సింది నేనే మరి.

"నా చేను పోతదా?" అంది. తర్వాత భానుచందర్ వైపు తిరిగింది. కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "నేను చేన్లకెళ్ళి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండనే నీతోని మాట్లాడితి గద బిడ్డా. మన్ను కనవడలేదా?"

వాడు తలొంచుకుని కట్ట విప్పి, ఫారాలు ఒక్కొక్కటే తీసి చూడసాగాడు. తను తిరిగిన తొమ్మిదిళ్ళలో ఆరింటికి అదే జవాబు రాశాడు. ఆరిళ్ళలోనూ తనతో మాట్లాడింది ఆడవాళ్ళేనని, అందులో ఒకామె నెత్తిన గడ్డిమోపుతోనే నిలబడి చెప్పిందని, ఎవరూ అడక్కుండానే చెప్పాడు. ఆ గొంతు నిన్న క్లాసులో విన్న గొంతులా లేదు.

పెన్ను తీసి మాణిక్యమ్మ ఫారంలో పాత జవాబు కొట్టేశాడు. పక్కన "రైతు" అని రాశాడు. రాసి, అక్కడే ఆగిపోయాడు.

"ఉన్నది అని రాయాల్నా మేడం? రైతు ఉన్నది..." అని, నా వైపు చూశాడు. "సార్, ఎట్లనో వినవడుతుంది. తప్పు గాదా?"

తప్పేమీ లేదు. ఇరవై రెండేళ్ళుగా వ్యాకరణం చెబుతున్నవాణ్ణి, ఆ సంగతి తెలియక కాదు. అయితే "రైతు వచ్చాడు" అని బోర్డు మీద కొన్ని వందల సార్లు రాశానే గానీ, "రైతు వచ్చింది" అని ఒక్కసారి కూడా నా చేత్తో రాయలేదు. అందుకే జవాబు చెప్పడానికి క్షణం ఆలస్యమైంది.

వేదమణి మేడం ఆగలేదు.

"రాసెయ్. మీ సారుకు కూడా మెల్లగా అలవాటవుతుంది."